బ్రౌజర్‌లో వైరస్ చేరిందన్న అనుమానం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇళ్లలోనూ, దుకాణాల్లోనూ, డీటీపీ సెంటర్లలోనూ వాడే సిస్టమ్‌ల గురించి వచ్చే సందేహాలు మళ్ళీ మళ్ళీ అవే కావడంతో వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. సూచనలు ప్రధానంగా విండోస్ మీద క్రోమ్ వాడేవారికి ఉద్దేశించినవి. ఎడ్జ్ కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం పునాది మీదే తయారైంది కనుక మెనూల పేర్లు కాస్త మారినా పద్ధతి ఒకటే. ఫైర్‌ఫాక్స్‌లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాము.

## అనుమానం వచ్చిన తొలి దశ

స్క్రీన్ కుడివైపు కింద మూలలో "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి" అని గంటకోసారి వస్తోంది. నిజంగా ఉన్నాయా?

చాలా సందర్భాల్లో ఉండవు. అది యాంటీవైరస్ ఇచ్చే హెచ్చరిక కాదు, ఏదో ఒక వెబ్‌సైటు పంపుతున్న నోటిఫికేషన్. ఇంటర్ ఫలితాల రోజున మార్కుల కోసం కనిపించిన సైటల్లా తెరిచేటప్పుడో, కొత్త సినిమా లింకుల వెంట పోయేటప్పుడో "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలో నొక్కండి" అనే పేజీ ఎదురవుతుంది. అక్కడ నొక్కింది రోబో పరీక్ష కాదు. ఆ సైటుకు ఎప్పుడైనా నోటిఫికేషన్లు పంపే అనుమతి. సైటును మూసేసినా ఆ అనుమతి పోదు.

క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అనే వరుసలో వెళ్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. మీరు గుర్తుపట్టలేని ప్రతి పేరునూ అందులోంచి తొలగించండి. ఆ పేజీలోనే, ఇకపై ఏ సైటూ ఈ అనుమతి అడగకుండా చేసే ఐచ్ఛికం కూడా ఉంటుంది. ఇంట్లో పెద్దవారు, పిల్లలు వాడే సిస్టమ్‌లో దానిని ఎంచుకోవడమే మంచిది. వచ్చిన నోటిఫికేషన్ మీద మాత్రం నొక్కకండి, ఎందుకంటే అది సాధారణంగా నకిలీ యాంటీవైరస్ కొనిపించే పేజీకో, మరొక అనుమతి అడిగే పేజీకో తీసుకుపోతుంది.

స్క్రీన్ అంతా నీలంగా మారి సైరన్ మోగుతోంది, మైక్రోసాఫ్ట్ నంబరుకు ఫోన్ చేయమంటోంది. మౌస్ కూడా కదలడం లేదు. ఏం చేయాలి?

ఫోన్ చేయకండి. అది పూర్తి స్క్రీన్‌లోకి మారిన ఒక వెబ్ పేజీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. ఎస్కేప్ కీని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే పూర్తి స్క్రీన్ తొలగిపోతుంది. పోకపోతే ఆల్ట్, ఎఫ్4 కీలు కలిపి నొక్కండి. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలతో టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను ముగించండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను పునరుద్ధరించాలా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి, లేకపోతే అదే పేజీ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

హోమ్ పేజీ మారిపోయింది, గూగుల్‌లో వెతికితే ఇంకేదో సైటు ఫలితాలు చూపిస్తోంది. ఇది వైరస్సేనా?

ఫైళ్లను పాడుచేసే పాతకాలపు వైరస్ కాదు గానీ, దీనిని తేలికగా తీసుకోకూడదు. బ్రౌజర్ హైజాకర్ అనే ఈ రకం ప్రోగ్రామ్‌లు మీ వెతుకులాటను తమ సర్వర్ల మీదుగా మళ్ళించి ప్రకటనల ద్వారా సంపాదిస్తాయి. అంటే మీరు వెతికే ప్రతి మాటా మూడో మనిషి చేతి మీదుగా వెళుతోందన్నమాట. ఎక్కువగా పీడీఎఫ్ కన్వర్టర్లు, వీడియో డౌన్‌లోడర్లు, ఉచిత ఫాంటు ప్యాకుల వెంట వచ్చి చేరతాయి.

గూగుల్ ప్రతిసారీ "మీ నెట్‌వర్క్ నుంచి అసాధారణ ట్రాఫిక్ వస్తోంది" అని బొమ్మలు గుర్తుపట్టమంటోంది. మా సిస్టమ్ హ్యాక్ అయిందా?

కాకపోవచ్చు. కేబుల్ నెట్ ఇచ్చే ఆపరేటర్లు చాలామంది అనేక ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ అడ్రసును (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే గుర్తింపు సంఖ్యను) పంచుతారు. మీ పక్క వీధిలో ఎవరి సిస్టమ్ తప్పుగా ప్రవర్తించినా ఆ మచ్చ అదే అడ్రసు వాడే అందరి మీదా పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినప్పుడు ఆ సందేశం ఆగిపోతే కారణం చాలావరకు ఇదే. హాట్‌స్పాట్ మీద కూడా వస్తుంటే మాత్రం సిస్టమ్‌ను పూర్తిగా స్కాన్ చేయించడం అవసరం.

ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటోంది. ఎవరో మధ్యలో దూరారా?

ముందు గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతుంది. అప్పుడు సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లనట్టు బ్రౌజర్‌కు కనిపిస్తాయి. తేదీ, సమయం సరిగా ఉన్నా అన్ని సైట్లకూ అదే సందేశం వస్తే అనుమానించవలసిందే. ఆ స్థితిలో బ్యాంకు సైటు తెరవకండి.

నా యాడ్ బ్లాకర్ దానంతట అదే ఆగిపోయింది. ఎవరైనా ఆపేశారా?

క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్‌ల) విధానాన్ని మార్చి, మేనిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో రాసినవాటిని 2024 నుంచి క్రమంగా నిలిపివేసింది. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ ఆ కోవలోదే. ఇది మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) పని కాదు. దాని స్థానంలో ఏదో ఒకటి కావాలని అదే పేరును పోలిన, ఎవరు తయారుచేశారో తెలియని ఎక్స్‌టెన్షన్‌ను తెచ్చి పెట్టుకోవడమే అసలు ప్రమాదం.

## చేయి పెట్టే ముందు

అనుమానం రాగానే నెట్ తీసేయాలా?

తెలియని ఫైలును నడిపి ఉంటే, లేదా ఎవరైనా రిమోట్‌గా మీ స్క్రీన్ చూస్తూ ఉంటే వెంటనే తీసేయండి. నోటిఫికేషన్లు, మారిన హోమ్ పేజీ వంటి వాటికి అంత హడావుడి అక్కరలేదు. అయితే శుభ్రం చేసే పని ముగిసేవరకు ఆ సిస్టమ్‌లో బ్యాంకు, ఈమెయిల్, జీఎస్టీ పోర్టల్ వంటి వాటిలో లాగిన్ కావద్దు.

తప్పు బ్రౌజర్‌లో ఉందో, విండోస్‌లో ఉందో, వైఫై బాక్సులో ఉందో ఎలా తేల్చుకోవాలి?

మూడు చిన్న పరీక్షలు చాలు. ఇవి చేయకుండా మొదలుపెట్టే మరమ్మతు చీకట్లో తడుములాటే అవుతుంది. మొదట క్రోమ్‌లో ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి గెస్ట్ విండో తెరవండి. అందులో మీ ఎక్స్‌టెన్షన్లేవీ పనిచేయవు కనుక, అక్కడ సమస్య కనిపించకపోతే తప్పు మీ ప్రొఫైల్‌లోనే, బహుశా ఏదో ఎక్స్‌టెన్షన్‌లోనే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పనికి హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్ ఉపయోగపడుతుంది. గెస్ట్ విండోలోనూ సమస్య ఉంటే అదే సిస్టమ్‌లో మరో బ్రౌజర్ తెరిచి చూడండి. రెండింటిలోనూ ఒకేలా ఉంటే విండోస్‌లోనో, నెట్‌వర్క్‌లోనో వెతకాలి. చివరగా వైఫై ఆపి ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. అప్పుడు సమస్య మాయమైతే సిస్టమ్ నిర్దోషి, చూడవలసింది రౌటర్‌ను, అంటే వైఫై బాక్సును.

## శుభ్రం చేసే దశ

ఎక్స్‌టెన్షన్లలో ఏది మంచిదో ఏది చెడ్డదో నాకెలా తెలుస్తుంది?

పేరు చూసి తెలియదు, వాడేవారి సంఖ్య చూసీ తెలియదు. గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ ఎన్నో ఏళ్లు మంచి పేరుతో నడిచి, యాజమాన్యం చేతులు మారిన తర్వాత, మాల్వేర్ కారణంగా 2021 ఫిబ్రవరిలో గూగుల్ తొలగించే స్థితికి వచ్చింది. ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి కాబట్టి నిన్నటివరకు నమ్మకంగా ఉన్నది నేడు మారిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

అందువల్ల మెనూలోంచి ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, అన్నింటినీ ఒకసారి ఆపి, బ్రౌజర్‌ను మూసి తెరవండి. సమస్య ఆగితే ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ, ప్రతిదాని తర్వాత కాసేపు వాడి చూడండి. ఎప్పుడు పెట్టుకున్నామో గుర్తులేనిదాన్ని పరీక్షించవలసిన పని కూడా లేదు, నేరుగా తొలగించండి. వివరాల పేజీలో "అన్ని సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అన్న అర్థంలో అనుమతి కనిపిస్తే, ఆ ఎక్స్‌టెన్షన్ చేసే పనికి నిజంగా అంత అధికారం కావాలా అని ఆలోచించండి. యాడ్ బ్లాకర్‌కు కావాలి. వాతావరణం చూపించేదానికి అక్కరలేదు.

ఒక ఎక్స్‌టెన్షన్‌కు రిమూవ్ బటనే లేదు. మెనూ కింద "మీ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఉంది. మాది ఇంటి సిస్టమ్, ఏ సంస్థా లేదు.

ఆఫీసుల్లో వందల సిస్టమ్‌లను ఒకే విధంగా ఉంచేందుకు క్రోమ్‌లో పాలసీ అనే సదుపాయం ఉంది. కొన్ని మాల్వేర్‌లు ఆ సదుపాయాన్నే వాడుకుని, తమ ఎక్స్‌టెన్షన్‌ను తొలగించడానికి వీలులేనిదిగా నమోదు చేసుకుంటాయి. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్ అని, దాని తర్వాత కోలన్, రెండు స్లాష్‌లు, ఆపై పాలసీ అని టైప్ చేస్తే అమలులో ఉన్న పాలసీలన్నీ కనిపిస్తాయి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా న్యాయంగానే ఒకటి రెండు పాలసీలు పెడతాయి కనుక ఆ వాక్యం కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. కానీ అక్కడ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ అనే పేరు ఉంటే అనుమానం నిజమైనట్టే.

మొదట మంచి స్కానర్‌తో మాల్వేర్‌ను తొలగించి, ఆ తర్వాత విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీని మార్చే రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్, కరెంట్ యూజర్ అనే రెండు విభాగాల కిందా సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్ వరుసలో ఉన్న క్రోమ్ ఫోల్డర్‌ను తీసివేయాలి. ఈ వరుస తిరగబడితే తీసిన పాలసీని మాల్వేర్ మళ్ళీ రాస్తుంది. రిజిస్ట్రీని ముట్టుకునే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి. ఆ పని అలవాటు లేకపోతే తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ జోలికి పోకుండా మీ ఐటీ విభాగానికి చెప్పండి.

క్రోమ్‌ను రీసెట్ చేస్తే నా బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోతాయా?

పోవు. రీసెట్ సెర్చ్ ఇంజన్‌ను, హోమ్ పేజీని మొదటి స్థితికి తెస్తుంది, ఎక్స్‌టెన్షన్లను ఆపుతుంది, కుకీల (సైట్లు మిమ్మల్ని గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో ఉంచే చిన్న గుర్తుల) వంటి తాత్కాలిక డేటాను తుడిచివేస్తుంది. బుక్‌మార్కులు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డులు అలాగే ఉంటాయి. సైట్లలో మళ్ళీ లాగిన్ కావలసి వస్తుంది, అంతే. ఫైర్‌ఫాక్స్‌లో దీనికి రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ అని పేరు. అది ఎక్స్‌టెన్షన్లను ఆపడం కాదు, తొలగిస్తుంది.

ఏ స్కానర్ వాడాలి? క్రోమ్‌లోనే క్లీనప్ అని ఒకటి ఉండేది కదా?

ఆ క్లీనప్ టూల్‌ను గూగుల్ 2023లో తీసివేసింది. ఇప్పుడు దాని పేరుతో కనిపించే డౌన్‌లోడ్ ఏదైనా నకిలీదే. విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌తో ముందు ఫుల్ స్కాన్, తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. ఆఫ్‌లైన్ స్కాన్ సిస్టమ్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కనుక దాక్కునే మాల్వేర్‌కు అవకాశం తక్కువ; దాదాపు 15 నిమిషాలు పడుతుంది, తెరిచి ఉన్న పనిని ముందే సేవ్ చేసుకోవాలి. హైజాకర్లు, ప్రకటనల ప్రోగ్రామ్‌ల విషయంలో మాల్వేర్‌బైట్స్ వారి యాడ్‌వ్‌క్లీనర్ ఉచితంగానే బాగా పనిచేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత తొలగింపు సాధనాలు ఉన్నాయి. నిరంతరం కాపలా కాసే యాంటీవైరస్‌లు రెండింటిని మాత్రం ఒకే సిస్టమ్‌లో పెట్టకండి. అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి, సిస్టమ్ నత్తనడక నడుస్తుంది.

## తీసినా తిరిగి వస్తుంటే

ఎక్స్‌టెన్షన్ తీసేశాను, మర్నాటికి మళ్ళీ వచ్చింది. ఎలా?

దారులు ముఖ్యంగా మూడు. మొదటిది సింక్, అంటే ఒకే ఖాతా ఉన్న బ్రౌజర్లన్నింటినీ ఒకేలా ఉంచే సదుపాయం: మీ గూగుల్ ఖాతాతో ఆఫీసులో ఇంకొక సిస్టమ్ ముడిపడి ఉండి, అక్కడ ఆ ఎక్స్‌టెన్షన్ మిగిలి ఉంటే, అక్కడి నుంచి ఇక్కడికి దిగుతుంది. సింక్‌ను తాత్కాలికంగా ఆపి, అన్ని సిస్టమ్‌లలోనూ తొలగించి, ఆ తర్వాతే తిరిగి ఆన్ చేయండి. రెండోది విండోస్‌లో మిగిలిన అసలు ప్రోగ్రామ్: ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాను తేదీ ప్రకారం పేర్చి, గోల మొదలైన రోజుల్లో వచ్చినవాటిని చూడండి, స్టార్టప్ యాప్‌లనూ, టాస్క్ షెడ్యూలర్‌నూ కూడా పరిశీలించండి. మూడోది డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్: దానిపై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడిలో, క్రోమ్ ప్రోగ్రామ్ పేరు తర్వాత ఏదైనా సైటు అడ్రసు తగిలించి ఉంటే, ఆ షార్ట్‌కట్‌ను తొలగించి కొత్తది పెట్టుకోండి.

ఇంట్లో ల్యాప్‌టాప్‌తో పాటు అందరి ఫోన్లలోనూ తప్పుడు సైట్లే తెరుచుకుంటున్నాయి. అన్నింటికీ ఒకేసారి వైరస్ పట్టిందా?

రౌటర్‌ను అనుమానించండి. సైటు పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ సెట్టింగును ఎవరైనా రౌటర్‌లో మార్చేస్తే, ఆ వైఫై వాడే ప్రతి పరికరమూ తప్పుదారి పడుతుంది. కనెక్షన్ ఇచ్చిన రోజున పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడమే దీనికి సాధారణ కారణం. రౌటర్‌ను రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. కానీ పిన్నుతో రీసెట్ బటన్ నొక్కే ముందు మీ కేబుల్ ఆపరేటర్‌ను ఒకసారి అడగండి: చాలా కనెక్షన్లలో యూజర్ నేమ్, పాస్‌వర్డు ఆ బాక్సులోనే దాచి ఉంటాయి, రీసెట్‌తో అవి పోతే మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు.

షాపులో ఫార్మాట్ చేసి ఓఎస్ వేస్తామంటున్నారు. చేయించాలా?

నోటిఫికేషన్లకూ, ఎక్స్‌టెన్షన్లకూ ఫార్మాట్ అవసరం లేదు. అవి మనమే ఏదో ఒక రోజు ఇచ్చిన అనుమతులు. వెనక్కు తీసుకుంటే సరిపోతుంది. సింక్ ఆపకుండా ఫార్మాట్ చేయిస్తే మీరు క్రోమ్‌లో లాగిన్ కాగానే పాత ఎక్స్‌టెన్షన్ మళ్ళీ దిగుతుంది, అప్పుడు డబ్బూ సమయమూ రెండూ వృథా. మరోవైపు, పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్ నడిచిందని తెలిసినా, ఆఫ్‌లైన్ స్కాన్ తర్వాత కూడా కొత్త మాల్వేర్ దొరుకుతూనే ఉన్నా ఫార్మాట్ చేయించడమే వివేకం. డాక్యుమెంట్లు, ఫొటోలు, టాలీ డేటా బ్యాకప్ తీసుకోండి. ప్రోగ్రామ్ ఫైళ్లను, పాత సెటప్ ఫైళ్లను వెంట తెచ్చుకోకండి.

## ఖాతాలు, డబ్బు

ఒక సైటు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమంది. రోబో పరీక్ష అనుకుని చేశాను. తప్పు జరిగిందా?

జరిగింది, తీవ్రమైనదే. ఆ పేజీ మీకు తెలియకుండా ఒక ఆదేశాన్ని క్లిప్‌బోర్డులోకి కాపీ చేస్తుంది. మీరు దానిని రన్ పెట్టెలో అతికించి మీ చేత్తోనే నడిపారు. క్లిక్‌ఫిక్స్ అని పిలిచే ఈ పద్ధతిలో సాధారణంగా దిగేది పాస్‌వర్డులు, కుకీలు దొంగిలించే ప్రోగ్రామ్. వెంటనే నెట్ తీసేయండి. ఆ సిస్టమ్‌లో ఏ పాస్‌వర్డూ మార్చకండి, మార్చినది కూడా దొంగల చేతికే పోతుంది. మరో ఫోన్ నుంచి ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆపై మిగిలిన ఖాతాల పాస్‌వర్డులు మార్చి, ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ కండి. ఆ సిస్టమ్‌ను ఫార్మాట్ చేయించిన తర్వాతే తిరిగి వాడండి.

నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. అయినా నా జీమెయిల్‌లోకి ఎలా వచ్చారు?

మీరు ఒకసారి లాగిన్ అయ్యాక సైటు మీ బ్రౌజర్‌లో సెషన్ కుకీ అనే గుర్తును ఉంచుతుంది. సినిమా హాలులో ఇంటర్వెల్‌కు బయటికి వెళ్లినవారు సగం చింపిన టికెట్టు చూపించి లోపలికి వచ్చినట్టు, ఆ కుకీ ఉన్నవారిని సైటు మళ్ళీ పాస్‌వర్డు గానీ, ఓటీపీ గానీ అడగదు. మాల్వేర్ ఆ కుకీని కాపీ చేసి పంపితే దొంగ తన సిస్టమ్‌లో మీరై కూర్చుంటాడు. కాబట్టి పాస్‌వర్డు మార్చడంతో ఆగకుండా, గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో మీ పరికరాల జాబితా తెరిచి గుర్తుతెలియని ప్రతిదాన్నీ సైన్ అవుట్ చేయండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా చూడండి. మీ మెయిళ్లు తమకు చేరేలా అక్కడ ఏర్పాటు చేసుకుని పోతుంటారు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా ఒకసారి పరిశీలించండి.

డబ్బు పోయింది. ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలా, బ్యాంకుకు వెళ్లాలా?

ముందు కూర్చున్న చోటి నుంచే 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు ఖాతాలు మారిపోయేలోపు ఆపే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది కనుక నిమిషాలు కూడా విలువైనవే. వెంటనే బ్యాంకుకూ చెప్పి కార్డును, నెట్ బ్యాంకింగ్‌ను నిలిపివేయించండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, నంబరు భద్రపరచుకోండి. ఆ తర్వాత స్టేషన్‌కు వెళ్లవచ్చు. స్క్రీన్‌షాట్లు, లావాదేవీల నంబర్లు తీసుకునేవరకు సిస్టమ్‌ను ఫార్మాట్ చేయించకండి.

నెట్ సెంటర్‌లో మా అబ్బాయి కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టాడు. అక్కడి సిస్టమ్‌లో వైరస్ ఉందట. ఏం చేయాలి?

మీ సొంత ఫోన్‌లో లాగిన్ అయి పాస్‌వర్డు మార్చండి, ఆప్షన్ల వరుస మీ ప్రింటుతో సరిపోలుతోందో లేదో చూడండి. గడువు ముగిసేలోపు మరొకసారి సరిచూడటం మంచిది. అక్కడ జీమెయిల్ కూడా తెరిచి ఉంటే అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి.

## దుకాణాలు, ఫోన్లు, మరమ్మతులు

మాది డీటీపీ సెంటర్. క్రాక్ చేసిన ఫాంట్లు, పేజ్‌మేకర్ లేకుండా పని సాగదు. సెటప్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటున్నారు, ఆపవచ్చా?

ఆపకూడదు. యాంటీవైరస్‌ను ఆపమని అడిగే సెటప్ ఫైలు తనలో ఏముందో తానే చెబుతున్నట్టు. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల పుస్తకాల పనైనా, అరండల్‌పేటలో శుభలేఖల పనైనా, ఆ సిస్టమ్‌లోనే యజమాని జీమెయిల్, యూపీఐ, ఖాతాదారుల ఆధార్ కాపీలు కూడా ఉంటాయి. పోయేది ఒక్కరి సమాచారం కాదు. లైసెన్సు కొనడమే సరైన మార్గం. పాత ఫైళ్ల కోసం పాత సాఫ్ట్‌వేర్ తప్పనిసరైతే, ఆ పనికి నెట్ లేని ఒక సిస్టమ్‌ను విడిగా ఉంచి, లాగిన్‌లన్నీ మరో సిస్టమ్‌లో పెట్టుకోండి.

మా కౌంటర్ సిస్టమ్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. యాంటీవైరస్ ఉంటే చాలదా?

చాలదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలో ముగిసింది. దానిపై నడిచే చివరి క్రోమ్ 109. ఆ తర్వాత బయటపడిన లోపాలన్నీ ఆ బ్రౌజర్‌లో తెరిచే ఉన్నాయి. విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అని వచ్చిన ఫైలు నొక్కినప్పటి నుంచి ఫోన్‌లో ప్రకటనలు వస్తున్నాయి. బ్రౌజర్ డేటా తుడిస్తే పోతాయా?

పోవు, ఎందుకంటే ఆ ఫైలు చివర ఏపీకే అని ఉంటే మీరు తెరిచింది శుభలేఖ కాదు, ఇన్‌స్టాల్ చేసుకున్న యాప్. ట్రాఫిక్ చలానా పేరుతోనూ ఇవే తిరుగుతున్నాయి. మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలను పంపించడం వీటి అసలు పని. ప్రకటనలు కనిపించడం ఒక రకంగా మీ అదృష్టం, లేకపోతే యాప్ చేరిన సంగతే తెలిసేది కాదు. డేటా ఆపి, ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, యాప్‌ల జాబితాలోంచి దానిని తొలగించండి. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతులను ముందు తీసివేయాలి. బ్యాంకుకు మరో ఫోన్ నుంచి చెప్పండి.

సిస్టమ్‌ను రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

"వైరస్ ఉంది, చూడండి" అని వదిలి రాకండి. సమస్య ఏ రోజున మొదలైందో, అంతకుముందు ఏమి డౌన్‌లోడ్ చేశారో, హాట్‌స్పాట్ మీద కూడా వస్తోందో లేదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఇచ్చే ముందు మీ ఫోన్ నుంచి గూగుల్ ఖాతాను ఆ సిస్టమ్‌లో సైన్ అవుట్ చేయండి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు విండోస్ పాస్‌వర్డు తెలిసిన ఎవరికైనా కనిపిస్తాయి కనుక ఆ పాస్‌వర్డును రసీదు వెనక రాయకుండా, మరమ్మతు కోసం వేరే యూజర్ ఖాతా తెరిచి ఇవ్వండి. ఫార్మాట్ చేసే ముందు మిమ్మల్ని అడగాలన్న మాట రసీదు మీదే రాయించుకోండి.